పద్నాలుగో నంబరు కార్డు

మా ఆడపడుచు ఇర్మా పోయిన మూడు నెలలకు, ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, ఆమె వంటగది ఖాళీ చెయ్యడానికి వెళ్ళాను. బయట సన్నటి వాన నేలని తాకుతూనే గడ్డకడుతోంది. మా ఆయన ఎమిల్ నన్ను గుమ్మం దగ్గర దింపి, "ఆరింటికి వస్తా. బరువులేం ఎత్తకు" అని చెప్పి బస్సు డిపోకి వెళ్ళిపోయాడు. రోడ్లు ఇలా ఉన్న రోజున మెకానిక్కులకి సెలవుండదు.

నేను వెళ్ళింది గిన్నెలు సర్దడానికి కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. నా చేతిసంచిలో బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి ఉంది. అందులో ఇరవై ఒక్క బేస్‌బాల్ కార్డులున్నాయి. నేను ఇరవై రెండోదాని కోసం వెళ్ళాను.

వెనక పంతొమ్మిది వందల యాభై అయిదులో మా ఊళ్ళో ఒక సాసేజ్‌ల కంపెనీ ఉండేది. ఆ వేసవిలో వాళ్ళు మా ఊరి జట్టు ఆటగాళ్ళ బొమ్మలు ఇరవై రెండు అచ్చేయించి, ప్యాకెట్టుకి ఒకటి చొప్పున, మాంసం పక్కనే పెట్టి అమ్మారు. కొవ్వు అంటకుండా అట్టకి మైనం పూశారు. అయినా అంటింది. దాదాపు నలభై ఏళ్ళయినా ఆ కార్డుల్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే మిరియాలు, పొగ, చల్లటి పంది కొవ్వు వాసన వస్తుంది. బబుల్‌గమ్‌తో వచ్చే పేరున్న కార్డులు కావివి. మా పెన్సిల్వేనియా లోయ దాటితే వీటి సంగతి ఎవరికీ తెలీదు. తెలిసిన పదిమందికి మాత్రం పిచ్చి.

పద్నాలుగో నంబరు కార్డు, మొహానికి మాస్కు తొడుక్కుని బంతులు పట్టే క్యాచర్ డెల్మర్ రూక్‌ది. అతను ఆ జూలైలో నదిలో మునిగి చనిపోయాడు. పోయినవాడి మొహం భోజనం ప్యాకెట్టులో ఎవరికి కావాలి? కంపెనీ ఆ కార్డు పెట్టడం ఆపేసింది. అప్పటికే ఇళ్ళకి చేరినవాటిని తల్లులు పొయ్యిలో వేశారు. మాకు తెలిసి మిగిలింది ఒక్కటే. పదహారేళ్ళ ఇర్మా దాన్ని మిగతా ఇరవై ఒకటితో పాటు ఒక నల్ల అట్టల పుస్తకంలో అంటించి దాచుకుంది.

నాకు ఈ పిచ్చి ఆమె నుంచే అంటింది. అంటింది అనడం కూడా సరికాదు, పోటీకే మొదలుపెట్టాను. చర్చి అమ్మకాల్లో, పాత గరాజుల్లో వెతికి వెతికి పదకొండేళ్ళలో ఇరవై ఒకటి పోగుచేశాను. ఒక్కటి లేకపోతే ఉన్నవాటికి విలువ లేదు. ఆ సంగతి ఇర్మాకి నాకంటే బాగా తెలుసు.

నెలకోసారి మాజీ సైనికుల హాల్లో, కార్డులు పోగుచేసేవాళ్ళమంతా వాటిని పట్టుకుని కలుస్తాం. ఇర్మా తన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పేజీలు తనే తిప్పేది. ఇంకొకరి వేలు పడనిచ్చేది కాదు.

"ఏమ్మా నొరీనూ, ఇంకా ఇరవై ఒకటేనా?" అని హాలంతా వినబడేలా అడిగేది.

"ఇరవై ఒకటే వదినా. నువ్విస్తే ఇరవై రెండు."

"నేను పోయాక అడుగు."

"నువ్వెక్కడ పోతావ్! ఉప్పులో ఊరేసిన క్యాబేజీవి. ఇంకో నలభై ఏళ్ళు ఉంటావు."

అందరూ నవ్వేవాళ్ళు. ఇర్మా అందరికంటే గట్టిగా నవ్వి, పుస్తకం మూసేసేది. ఆ మూసే చప్పుడు నాకు చెంప మీద కొట్టినట్టుండేది.

కార్డులు మార్చుకునే పద్ధతి ఒకటుంది. చిన్నప్పుడు మిల్లు మెట్ల మీద పిల్లలు పాటించిందే ఇప్పుడు పెద్దవాళ్ళమయ్యాక కూడా పాటిస్తాం. ఎదుటివాడి కట్ట తీసుకుని బొటనవేలితో ఒక్కో కార్డూ జరుపుతూ, "ఉంది… ఉంది… ఉంది…" అనుకుంటూ పోవాలి. తన దగ్గర లేనిది వస్తే "కావాలి" అనాలి. బదులుగా ఇచ్చేదాన్ని బల్ల మీద ముందుకు తొయ్యాలి. ఎదుటివాడు దాన్ని చేత్తో ఎత్తాడా, బేరం అయిపోయినట్టే. తర్వాత ఏడ్చినా వెనక్కి రాదు. ఒకసారి బర్ట్ అనే ముసలాయన బొమ్మ బాగా కనబడటం లేదని ఇర్మా తోసిన కార్డుని కళ్ళ దగ్గరికి ఎత్తి చూశాడు. అంతే.

"చూద్దామని తీశా ఇర్మా, ఒప్పుకుని కాదు!"

"చెయ్యి పెట్టావుగా బర్ట్. అయిపోయింది" అని ఇర్మా అతని కట్టలోంచి తనకి కావలసినది లాక్కుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, తక్కువ విలువైనది ఇచ్చి ఎక్కువది తీసుకునే మనిషి కాదు. సమానంగా ఇచ్చేది. మోసం అనే మాట ఆమె మీద ఎవరూ వెయ్యలేదు.

ఆమె నా మీద వేసింది. తల్లి పోయినప్పుడు ఎమిల్‌కి ఆరేళ్ళు, ఇర్మాకి పదమూడు. వండిపెట్టి, బడికి పంపి, జ్వరమొస్తే పక్కన కూర్చుని పెంచింది. తను పెళ్ళి చేసుకోలేదు. మా పెళ్ళి రోజున చర్చి బయట నన్ను కౌగిలించుకుని చెవిలో ఒకే మాట అంది.

"వాణ్ణి తీసుకున్నావు. బదులేం పెట్టావు?"

హాస్యమనుకున్నాను. ఇరవయ్యేళ్ళ పాటు ప్రతి ఆదివారం ఎమిల్ ఆమె ఇంట్లోనే భోంచేశాడు. నేను ఎప్పుడైనా వెంట వెళితే నా కంచంలో వడ్డించేటప్పుడు ఆమె గరిటె సగమే నిండేది.

యాభై మూడేళ్ళకి ఇర్మా గుండె ఆగి పోయింది. పుస్తకాన్ని ఆమెతో పాటు శవపేటికలో పెట్టాలని ఎమిల్ ఇల్లంతా వెతికాడు. దొరకలేదు. "నీకెక్కడైనా కనబడితే చెప్పు. విప్పొద్దు. అలాగే తీసుకెళ్ళి సమాధి దగ్గర పాతేద్దాం" అన్నాడు.

పాతేస్తాడట! నేను సరేనన్నాను.

మధ్యాహ్నం మూడింటికల్లా పుస్తకం దొరికింది. ఓవెన్ కింద సొరుగులో, కేకుల పళ్ళేల అడుగున, గుడ్డలో చుట్టి ఉంది. పద్నాలుగో పేజీ తెరిచాను. డెల్మర్ రూక్ మాస్కు చంకలో పెట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి చూస్తున్నాడు. రంగు పోలేదు. మూలలు నలగలేదు. నా నోట్లో నీళ్ళూరాయి, అబద్ధం ఎందుకు?

అంటించిన కార్డుని ఊడదీసే పద్ధతి మాలో అందరికీ తెలుసు. పిండి జిగురైతే పేజీని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచాలి. గంటలో జిగురు కరిగి కార్డు దానంతటదే పైకి తేలుతుంది. తర్వాత అద్దుడు కాగితాల మధ్య పెట్టి బరువు పెడితే చాలు. నేను హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్తాను. ఏది దేనిలో కరుగుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే రెండేళ్ళ కిందట ఇర్మాని మాటల మధ్యలో అడిగి పెట్టుకున్నాను.

"దేంతో అంటించావు వదినా?"

"పిండి జిగురే. నేనే కాచా." నా మొహంలోకి కాసేపు చూసింది. "ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహం కాదే పిల్లా అది."

చాకుతో పేజీ కోశాను. ఆమె కేకుల పళ్ళెంలోనే నీళ్ళు పోసి ముంచాను. నా డబ్బాలోంచి ఇరవై ఒకటీ తీసి, బల్ల మీద కట్టగా పేర్చి పెట్టుకున్నాను. ఇక చెయ్యాల్సింది ఎదురుచూడటమే.

నాలుగు గంటలకి చెట్ల కొమ్మలు మంచు బరువుకి విరగడం మొదలైంది. దూరంగా ఒక్కోటి తుపాకీ పేలినట్టు. నాలుగుంపావుకి దీపాలు పోయాయి. కింద గదిలో హీటర్ ఒకసారి మూలిగి ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు బల్ల సగం దాకా వస్తోంది. అవతలి సగం, ఇర్మా ఎప్పుడూ కూర్చునే కుర్చీ ఉన్న వైపు, చీకటి.

పళ్ళెంలోకి చూశాను. కార్డు తేలింది.

తేలింది అనుకున్నాను. వేలితో అంచు ఎత్తితే వచ్చింది కార్డు కాదు. బొమ్మ ఉన్న పై పొర ఒక్కటే, పాల మీద మీగడలా, ముడతలు పడి ఊడింది. వెనక అట్ట పేజీకి కరుచుకునే ఉంది. గోరుతో గీశాను. గాజులా గట్టిగా ఉంది జిగురు. పిల్లలు చెక్క విమానాలు అంటించుకునే జిగురు అది. నీళ్ళకి లొంగదు. పొరని అరచేతిలోకి తీసుకోబోయాను. డెల్మర్ రూక్ మొహం నా వేళ్ళ మధ్యే చిట్లి, కన్ను ఒకవైపు, నోరు ఒకవైపు నీళ్ళలోకి జారిపోయాయి.

అబద్ధం చెప్పింది. నేను అడిగిన నిమిషానే నా మనసులో ఏముందో చూసి, అబద్ధం చెప్పింది. తను పోయాక నేను వస్తానని తెలుసు. ఈ వంటగదిలో, ఈ పళ్ళెంలో చేతులు ముంచుతానని తెలుసు. ప్రపంచంలో మిగిలిన ఒక్కదాన్నీ నా చేతులతో నేనే నాశనం చేసుకునేలా చేసి పోయింది.

నేను తొందరగా ఏడ్చే మనిషిని కాను. చేతులు తుడుచుకుని కూర్చున్నాను. ఒళ్ళంతా మండిపోతోంది.

"చచ్చి కూడా నువ్వే గెలిచావు వదినా" అన్నాను పైకే. "తృప్తిగా ఉందా?"

బయట మంచు కిటికీ అద్దం మీద గీరుతోంది. అదొక్కటే చప్పుడు. కాసేపటికి ఇంకొకటి వినబడింది.

అది లోపలే. బల్ల అవతలి నుంచి. కుర్చీ చెక్క సన్నగా కిర్రుమంది, ఎవరో కూర్చుని సర్దుకున్నట్టు.

చలికి చెక్క ముడుచుకుంటుంది. నాకు తెలుసు. పిల్లలకి చెప్పే పాఠమే.

వాసన వచ్చింది. మిరియాలు, పొగ. దాని వెనకే చల్లటి పచ్చి కొవ్వు. నా కార్డుల వాసనే అనుకుందామని చూశాను. కానీ ఇది నలభై ఏళ్ళ వాసన కాదు. ఇప్పుడే ప్యాకెట్టు కోసినట్టు తాజాగా…

టక్.

బొటనవేలి కింద అట్ట జారే చప్పుడు. పదకొండేళ్ళుగా నెలనెలా వింటున్న చప్పుడు.

టక్.

వెలుతురులో పెట్టిన నా కట్ట అక్కడ లేదు. ఎప్పుడు జరిగిందో చూడలేదు. చీకటి అంచున ఉంది. సగం కనబడుతోంది, సగం లేదు. పై కార్డు దానంతటదే కదిలి చీకట్లోకి పోయింది. తర్వాతది కదిలింది.

"ఉంది…"

గుసగుస. గొంతు కాదు, ఊపిరి.

"ఉంది… ఉంది…"

లేవాలనుకున్నాను. కళ్ళు కట్ట మీంచి రాలేదు. కట్ట తరుగుతోంది. ఒక్కో కార్డుకీ ఆగుతోంది. చూస్తోంది. వాసన చూస్తోందేమో కూడా. నేను తలుపు సందుల్లో, బూజు పట్టిన పెట్టెల్లో చేతులు పెట్టి ఏరుకున్న ఒక్కోదాన్నీ…

"ఉంది…"

నేను లెక్కపెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలీలేదు. పదిహేడు. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి.

ఆగిపోయింది.

నా ఊపిరి నాకే తెల్లగా కనబడుతోంది. తర్వాత, చాలా మెల్లగా…

"కావాలి."

ఏది? కట్ట అయిపోయింది. ఇరవై ఒకటీ ఆమె దగ్గర ఉన్నవే. బల్ల మీద ఇంకేం మిగల్లేదు. నేను తప్ప ఆ వంటగదిలో నాదంటూ ఏదీ లేదు.

స్స్‌స్… బల్ల మీది మైనపు గుడ్డ మీద ఏదో జారుతూ వచ్చింది. వెలుతురులోకి వచ్చి, నా వేళ్ళకి అంగుళం దూరంలో ఆగింది.

మాస్కు చంకలో పెట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి.

పద్నాలుగో నంబరు. ఎప్పుడూ ఎక్కడా అంటించనిది. నాలుగు మూలలూ సూదిమొనలు. మైనం మీద వేలిముద్ర కూడా లేదు. పళ్ళెంలో కరిగిపోయినది దీని ముందు చెత్త.

ఆ క్షణంలో నాకు భయం లేదు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. భయం, చలి, చీకట్లో ఉన్నదెవరు అన్న ప్రశ్న, అన్నీ పోయాయి. ఇంతకాలం రెండోది కూడా దాచుకుందన్న మాట! అనుకున్నాను. ఒకటి చూపించి, నా మొహం మాడ్చి, ఇంకొకటి దాచుకుని! ఆ ఏడుపే నా చేతిని ముందుకు తోసింది. దేనికి బదులు అని అడగలేదు. పదకొండేళ్ళు ఆ బల్లల దగ్గర కూర్చున్న దాన్ని, పసిపిల్లలకి కూడా తెలిసిన మాట అడగలేదు.

ఎత్తాను.

"చెయ్యి పెట్టావు" అంది చీకటి.

కార్డు నా వేళ్ళలో మంచుముక్కలా ఉంది. అప్పుడు వచ్చింది భయం.

"వదినా… నీకేం కావాలి?"

చిన్న నవ్వు. హాల్లో నవ్వే నవ్వే, కాకపోతే పక్కన ఎవరూ లేరు.

"తొందరేముందే పిల్లా. నాది నేనొచ్చి తీసుకుంటా."

"ఏది? వదినా, ఏది తీసుకుంటావ్?"

కిటికీ మీద పసుపు వెలుతురు పడింది. కారు ఆగిన చప్పుడు. చీకట్లోంచి నా ఇరవై ఒకటీ తడిమి లాక్కుని, కొత్త కార్డుతో, పుస్తకంతో సహా చేతిసంచిలోకి తోసేశాను. ఎమిల్ టార్చి పట్టుకుని, కాళ్ళు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

"చీకట్లో ఏం చేస్తున్నావ్? ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"ఎవరితోనూ కాదు."

"మీ బడిపిల్లల్ని తిట్టినట్టు గోడల్ని తిట్టడం మొదలుపెట్టావా?" అంటూ బల్ల అవతలి కుర్చీలో కూర్చుని చేతితొడుగులు విప్పాడు. ఒక్క క్షణం ఆగి, కింద చేత్తో తడిమి చూసుకున్నాడు.

"ఇల్లంతా గడ్డకట్టుకుపోతుంటే, ఈ కుర్చీ ఇంత వెచ్చగా ఉందేంటి?"

"ఎమిల్, లే అక్కణ్ణుంచి. వెళ్దాం."

"ఉండు, రెండు నిమిషాలు. హాయిగా ఉంది."

అతను లేచేదాకా నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

ఇది జరిగి అయిదు వారాలైంది. నా దగ్గర ఇరవై రెండు కార్డులూ ఉన్నాయి. హాల్లో ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. మొదటి వారం ఇల్లంతా వెతికాను, ఏం పోయిందోనని. మా అమ్మ ఉంగరం ఉంది. వెండి చెంచాలున్నాయి. కాలేజీలో ఉన్న మా అమ్మాయికి రోజూ ఫోన్ చేస్తున్నాను. "నీకేమైందమ్మా, వారానికోసారి కూడా చెయ్యని దానివి" అని విసుక్కుంటోంది. బాగానే ఉంది. ఏదీ పోలేదు.

ఆ కార్డు తీసుకెళ్ళి మళ్ళీ ఆ బల్ల మీద పెట్టి రావచ్చు కదా అంటారు. ఇల్లు ఇంకా అమ్మలేదు, తాళం నా దగ్గరే ఉంది. మూడుసార్లు బయల్దేరాను. మూడుసార్లూ, ఒక్కసారి చూద్దామని కారులోనే డబ్బా తెరిచాను. ఆ నాలుగు మూలలూ చూశాను. ఇది పోతే మళ్ళీ ఇరవై ఒకటే. మూడుసార్లూ ఇంజను ఆపేసి లోపలికి వచ్చేశాను.

మా ఇంట్లో పక్క సర్దేది నేనే. ఎమిల్ బరువైన మనిషి, అతను పడుకున్న వైపు దుప్పటి ఎప్పుడూ నలిగి, పరుపు గుంటపడి ఉండేది. పది రోజుల నుంచి సర్దాల్సిన పని లేకుండా పోయింది. ఎవరూ పడుకోనట్టు, ఒక్క ముడత ఉండటం లేదు. రాత్రి సరిగ్గా పడుకోవడం లేదేమోనని అడిగాను. "ఒళ్ళు తెలీకుండా నిద్రపడుతోంది. చిన్నప్పుడు అక్క పక్కన కూర్చున్న రోజుల తర్వాత ఇంత బాగా ఎప్పుడూ నిద్రపోలేదు" అన్నాడు.

ఈ ఉదయం నేనే ముందు లేచాను. కిటికీ తెర తీసి వెనక్కి తిరిగాను. బాగా తెల్లారింది. ఎమిల్ వెల్లకిలా పడుకుని, నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. తల దిండు నడిమధ్యన ఉంది.

దిండు మాత్రం కొంచెం కూడా లోపలికి దిగలేదు.